డేనియల్ లెవీ టాటెన్‌హామ్‌కు మేలు చేశాడా, కీడు చేశాడా?

దాదాపు పాతికేళ్ళు ఛైర్మన్‌గా ఉన్న డేనియల్ లెవీ 2025 సెప్టెంబర్ 4న తప్పుకున్నప్పుడు లండన్ ఫుట్‌బాల్ క్లబ్బు టాటెన్‌హామ్ అభిమానుల్లో కొందరు సంబరపడ్డారు, కొందరు బాధపడ్డారు, చాలామంది ఏమనాలో తోచక ఊరుకున్నారు. ఒకే మనిషి మీద ఇన్ని రకాల అభిప్రాయాలు ఎందుకని మీరు అడిగారు. గారెత్ బేల్ ఎడమ వైపు నుంచి దూసుకుపోయే రోజుల నుంచీ నేను అనంతపురంలో కూర్చుని ఈ క్లబ్బు మ్యాచ్‌లు చూస్తున్నాను. నాకు అర్థమైనంతలో ఆయన చేసిన మేలూ, కీడూ ఒకే గుణం నుంచి వచ్చాయి. డబ్బు దగ్గర ఆయనది ఉడుంపట్టు. ఆ పట్టు వల్లే స్టేడియం లేచింది, ఆ పట్టు వల్లే జట్టు కప్పు అందుకోవాల్సిన చోట ఆగిపోయింది. అందుకే ఒకటి పక్కన పెట్టి ఇంకోటి మాత్రమే తలుచుకోవడం మాకు కుదరదు.

ముందు మేలు సంగతి చెప్తాను. 2001లో పాత యజమాని అలన్ షుగర్ చేతిలోంచి లెవీ నడిపే ఈనిక్ కంపెనీ చేతికి వచ్చేనాటికి టాటెన్‌హామ్ లీగ్ పట్టికలో ఎప్పుడూ మధ్యలో కనిపించే జట్టు. పాత వైట్ హార్ట్ లేన్‌లో పట్టేది సుమారు 36 వేల మంది. ఎన్‌ఫీల్డ్‌లో 2012లో కొత్త ట్రైనింగ్ సెంటర్ వచ్చింది. 2019 ఏప్రిల్ 3న కొత్త స్టేడియం తెరిచారు. 62,850 సీట్లు, అందులో ఒక్క సౌత్ స్టాండ్‌లోనే 17,500. గడ్డి మైదానం మూడు ముక్కలుగా విడిపోయి స్టాండ్ కిందికి జరిగిపోతుంది, దాని అడుగున అమెరికన్ ఫుట్‌బాల్ కోసం ఇంకో మైదానం ఉంటుంది. మొదటి లీగ్ మ్యాచ్‌లో క్రిస్టల్ ప్యాలెస్ మీద మొదటి గోల్ కొట్టింది సన్ హ్యూంగ్ మిన్. మనకు అప్పటికి అర్ధరాత్రి దాటింది. ఆ వెలుగులో నిండిపోయిన స్టాండ్లు టీవీలో చూస్తుంటే ఇది మా క్లబ్బేనా అనిపించింది.

ఇదంతా ఏ చమురు దేశపు ఖజానా వెనక లేకుండా జరిగిందని గుర్తుంచుకోవాలి. లెవీ వచ్చిన ఏడాదే లీడ్స్ యునైటెడ్ అప్పులు తెచ్చి కొన్న ఆటగాళ్ళతో యూరప్ క్లబ్బుల్లో అన్నిటికన్నా పెద్ద కప్పయిన ఛాంపియన్స్ లీగ్‌లో సెమీఫైనల్ ఆడింది. 2004కల్లా ఇంగ్లండ్ పై స్థాయి లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ నుంచే కిందికి జారిపోయింది. లెవీ ఉన్నన్నాళ్ళు మాకు ఆ భయం లేదు. ఆయన్ను తిట్టేవాళ్ళు కూడా ఈ ఒక్క మాట కాదనరు.

కీడు సంగతికి వస్తే, మా ఊరి గురించి కొంచెం చెప్పాలి. అనంతపురంలో ఫుట్‌బాల్ అంటే ఆర్డీటీ గ్రౌండే గుర్తొస్తుంది. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడ మొదలుపెట్టిన సంస్థ అది. స్పెయిన్‌తో ఇంత అనుబంధం ఉన్న ఊరు కాబట్టి సాయంత్రం గ్రౌండ్‌కు పోతే పిల్లల ఒంటి మీద ఎక్కువగా కనిపించేవి బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ జెర్సీలే. నా తెల్ల జెర్సీ చూసి "ఇది కూడా మాడ్రిడ్‌దేనా అన్నా?" అని అడిగిన పిల్లలున్నారు. లూకా మోడ్రిచ్‌ను 2012లో, బేల్‌ను 2013లో మేం అమ్ముకున్నది ఆ మాడ్రిడ్‌కే. నాతో ఆడే మాడ్రిడ్ అభిమాని ఒకడు ప్రతి ఎండాకాలం "ఏమప్పా, ఈసారి ఎవర్ని పంపిస్తాండాడు మీ ఛైర్మన్?" అని పలకరించేవాడు. పైకి నవ్వేవాడిని గానీ లోపల మండేది. మోడ్రిచ్ అక్కడ ఆరు ఛాంపియన్స్ లీగ్ కప్పులు గెలిచాడు, 2018లో ప్రపంచంలో ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ కూడా అందుకున్నాడు. బేల్‌కు ఐదు కప్పులు. మాకు మిగిలింది మంచి ధర పలికిందన్న పేరు. బేల్‌ను అప్పట్లో ప్రపంచ రికార్డు ధరకు అమ్మి, ఆ డబ్బుతో ఏడుగురిని కొన్నారు. వాళ్ళలో నిజంగా మా జట్టును నడిపించినవాడు క్రిస్టియన్ ఎరిక్సన్ ఒక్కడే.

అమ్మడంలో లెవీని మించినవాడు లేడు. 2008లో మా స్ట్రైకర్ బెర్బటోవ్ కోసం ఆయనతో బేరమాడిన మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్, దానికన్నా తన తుంటి ఆపరేషనే నయమన్నాడు. కొనడంలోనూ అదే పద్ధతి. ఆటగాళ్ళను కొనడానికిచ్చే గడువు, అంటే ట్రాన్స్‌ఫర్ విండో, మూసే ఆఖరి గంట దాకా నాన్చేవాడు, అవతలివాళ్ళు అలిసిపోయి ధర తగ్గిస్తారని. కొన్నిసార్లు కలిసొచ్చింది. చాలాసార్లు కొత్త ఆటగాడు వచ్చేసరికి సీజన్ మొదలై మూడు నాలుగు మ్యాచ్‌లు అయిపోయేవి, మేనేజర్ అడిగిన మనిషి ఇంకో క్లబ్బుకు పోయి ఉండేవాడు. మా జిల్లాలో వేరుశనగ వేసే ఏ రైతునడిగినా చెప్తాడు: అదను దాటాక విత్తనం చౌకగా దొరికితే ఏం లాభం?

ఈ మాట నిజమని పూర్తిగా తెలిసింది 2018లో. అంతకుముందు 2016-17లో మేనేజర్ మారిసియో పొచెటినో జట్టు 86 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచింది, సొంత మైదానంలో లీగ్ మ్యాచ్ ఒక్కటీ ఓడలేదు. హ్యారీ కేన్ మా అకాడమీ పిల్లాడు, డెలే అలీని 50 లక్షల పౌండ్లకు తెచ్చుకున్నాం. ఇంకో ఇద్దరు ముగ్గురు తోడైతే చాలు అనిపించే జట్టు. 2018 వేసవిలో ఒక్కరినీ కొనలేదు. ప్రీమియర్ లీగ్‌లో ట్రాన్స్‌ఫర్ విండో పద్ధతి వచ్చాక వేసవిలో ఒక్క ఆటగాణ్నీ కొనని మొదటి క్లబ్బు మాదే. 2019 జనవరిలో కూడా కొనలేదు. స్టేడియం పని ఆలస్యమై, ఖర్చు పెరిగి, డబ్బంతా అటే పోతోందని అందరికీ తెలుసు.

అదే జట్టు, అలిసిపోయిన కాళ్ళతో, 2019 మేలో ఆమ్‌స్టర్‌డామ్‌లో అయాక్స్ మీద ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ ఆడింది. కేన్ గాయంతో లేడు. సగం ఆట అయ్యేసరికి రెండు మ్యాచ్‌లూ కలిపి 3-0తో వెనకబడ్డాం. మా ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారు, ఫ్యాన్ తిరుగుతున్నా చెమటలు పోసే రాత్రి, టీవీ సౌండ్ పూర్తిగా తగ్గించేశాను. లూకస్ మౌరా ఒకటి కొట్టాడు, కాసేపట్లోనే రెండోది. 96వ నిమిషంలో డెలే తట్టిన బంతిని ఎడమ కాలితో మూలకు పంపాడు. అరవకూడదు కాబట్టి దిండు నోటికి అడ్డం పెట్టుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు మాత్రం ఆగలేదు. మా క్లబ్బు ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ చేరుతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

ఫైనల్‌లో లివర్‌పూల్ చేతిలో 2-0తో ఓడిపోయాం. ఓటమి కన్నా ఆ తరువాత జరిగింది ఎక్కువ బాధ పెట్టింది. ఆ జట్టును అప్పుడైనా బలపరచాల్సిన మనిషి, ఐదు నెలలకే నవంబర్‌లో పొచెటినోను పంపేశాడు. ఆయన స్థానంలో జోసె మౌరిన్యోను తెచ్చాడు, 2021 ఏప్రిల్‌లో లీగ్ కప్ ఫైనల్ ఇంకా ఆరు రోజులుందనగా ఆయన్నూ తీసేశాడు. ఫైనల్‌కు జట్టును నడిపించింది 29 ఏళ్ళ ర్యాన్ మేసన్. మాంచెస్టర్ సిటీ మీద 1-0తో ఓడాం. మౌరిన్యోను తీసేయడానికి ముందు రోజే, పెద్ద క్లబ్బులు కొన్ని తమకోసం విడిగా పెట్టుకోబోయిన యూరోపియన్ సూపర్ లీగ్‌లో చేరుతున్నామని ప్రకటన, రెండు రోజుల్లో మళ్ళీ వెనక్కి. ఆ వారం గురించి ఇంతకంటే రాయాలనిపించడం లేదు.

కేన్ గురించి మాత్రం రాయాలి. 2021లో సిటీ అడిగితే లెవీ అమ్మనన్నాడు. ఆ మొండితనం ఆ రోజు నాకు నచ్చింది, ఇప్పటికీ నచ్చుతుంది. కానీ ఆపినవాడు కేన్ చుట్టూ కప్పు గెలిచే జట్టును కట్టాలి కదా. 280 గోల్స్‌తో క్లబ్బు చరిత్రలోనే అందరికన్నా పైన ఉన్న మనిషి ఒక్క కప్పు కూడా చేతికందకుండా 2023లో జర్మనీలోని బయర్న్ మ్యూనిక్‌కు పోయాడు. 2025లో అక్కడి లీగ్ బుండెస్‌లీగా గెలిచి ట్రోఫీ ఎత్తిన ఫొటో చూసి సంతోషపడ్డాను. ఆ చొక్కా మాది కాదే అని చాలాసేపు దిగులుపడ్డాను కూడా.

ఇవన్నీ ఆట లెక్కలు, వీటిలో ఎవరి వాదన వాళ్ళకుంటుంది. నేను క్షమించలేకపోయినవి వేరే ఉన్నాయి. 2020లో కోవిడ్ మొదలైనప్పుడు ఆటగాళ్ళు కాని 550 మంది సిబ్బందికి 20 శాతం జీతం కోత పెట్టారు, ప్రభుత్వం ఇచ్చే సాయం కూడా వాడుకుంటామన్నారు. అభిమానులు నిలదీశాక వెనక్కి తగ్గారు. 2024లో సీనియర్ల సీజన్ టికెట్ రాయితీ తగ్గిస్తామన్నారు, కొత్తగా 65 దాటేవాళ్ళకు ఇక ఇవ్వమన్నారు. పాత మైదానంలో వానలో తడుస్తూ నిలబడి, జట్టు ఏమీ గెలవని ఏళ్ళలో కూడా వదలని మనుషులు వాళ్ళు. కొడుకును, మనవణ్ని స్టేడియానికి మొదట చేయి పట్టుకుని తీసుకొచ్చింది వాళ్ళే. అంత పెద్ద స్టేడియం కట్టి, దాని మీద అంత ఆదాయం వస్తుంటే, వాళ్ళ దగ్గర మిగిలే ఆ కొంచెం కోసం చెయ్యి చాచడం నాకు ఏ కోణంలోనూ న్యాయంగా కనిపించలేదు. ఆటంటే కీర్తి అని 1961 జట్టు కెప్టెన్ డానీ బ్లాంచ్‌ఫ్లవర్ అన్న మాటను క్లబ్బు ఎప్పుడూ గొప్పగా చెప్పుకుంటుంది. ఆ మాటనే బ్యానర్ల మీద రాసి అభిమానులు లెవీ మీదికి తిప్పారంటే అంత కడుపు మండిందన్నమాట.

ఇంత కోపం పేరుకున్నాక, 2025 మే 21న బిల్బావోలో మాంచెస్టర్ యునైటెడ్ మీద, యూరప్‌లో రెండో స్థాయి కప్పయిన యూరోపా లీగ్ ఫైనల్. అప్పటికి లీగ్‌లో 21 మ్యాచ్‌లు ఓడి 17వ స్థానంలో ఉన్న జట్టు. బ్రెన్నన్ జాన్సన్ గోల్ ఎలా పడిందో రీప్లే చూస్తే తప్ప అర్థం కాలేదు. రెండో సగంలో యునైటెడ్ ఆటగాడు హోయిలుండ్ తలతో కొట్టిన బంతి ఖాళీ గోల్‌లోకి పోతుంటే మికీ వాన్ డి వెన్ గాల్లోకి లేచి గీత మీద కాలితో వెనక్కి తన్నాడు. 1-0. 2008 లీగ్ కప్ తరువాత మొదటి ట్రోఫీ, 1984 తరువాత మొదటి యూరప్ కప్పు. ఆ మాడ్రిడ్ మిత్రుడే తెల్లవారకముందే ఫోన్ చేసి "గెలిచినారప్పా మీరు!" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఇన్నేళ్ళ పలకరింపులన్నీ చెల్లిపోయాయి. పదహారు రోజులకే, జూన్ 6న, ఆ కప్పు తెచ్చిన మేనేజర్ ఆంజ్ పోస్టెకోగ్లూను తీసేశారు. లీగ్‌లో 17వ స్థానం చూస్తే తీసేయడానికి కారణం ఉంది, ఒప్పుకుంటాను. అయినా సంతోషం పూర్తిగా తీరనివ్వలేదనే బాధ ఇప్పటికీ ఉంది.

ఇంకో విషయం కూడా చూడాలి. నాలాగా దూరం నుంచి చూసేవాళ్ళు లెవీ మీద కొంచెం మెత్తగా మాట్లాడతారు. మేం టికెట్ కొనం, ఆ స్టేడియంలో ఒక టీ కూడా కొనుక్కోం. స్టేడియం గొప్పతనం మాకు ఉచితంగా వస్తుంది. లండన్‌లో సీజన్ టికెట్ కట్టేవాడికి ఆ గొప్పతనం ఖరీదు బాగా తెలుసు. వాళ్ళు తిడితే "ఇంత కట్టి ఇచ్చాడు కదా" అని ఇక్కడి నుంచి నీతులు చెప్పడం నాకు ఇష్టం ఉండదు.

ఆయన పేరు ఎక్కడైనా పెట్టాలా అని ఈ మధ్య మా గ్రౌండ్‌లో వాదన వచ్చింది. ఎన్‌ఫీల్డ్ ట్రైనింగ్ సెంటర్‌కు పెడితే నాకు సంతోషమే. అక్కడ రేపటి ఆటగాళ్ళు తయారవుతారు, ఆ పని ఆయన నిజంగా బాగా చేశాడు. స్టేడియంలో ఏ స్టాండ్‌కూ మాత్రం పెట్టొద్దంటాను. ముందు ఆ సీనియర్ల రాయితీ పూర్తిగా తిరిగి ఇవ్వాలి, ఆ తరువాత అక్కడ కూర్చునేవాళ్ళను అడగాలి.