ఏసీలో గ్యాస్ ఏటేటా తరిగిపోతుందా? పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని మన పెద్దలు అంటారు. అప్పటి నుంచి ఉగాది వరకు ఉండే రోజులు ఇంట్లోని ఏసీలను, కూలర్లను బాగు చేయించుకోవడానికి అనువైనవి. ఎండలు ముదిరి మెకానిక్‌లకు ఊపిరి సలపని రోజుల్లో చేయించే సర్వీసింగ్‌లో పైపైన నీళ్ళు చల్లి వెళ్ళడానికి మించిన పని జరగడం అరుదు. ఈ విషయమై వచ్చిన ఉత్తరాలలో ఎక్కువమందికి ఉపయోగపడేవి ఎంచి సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: మా ఇంట్లో ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీ ఉంది. ఏటా వేసవి మొదట్లో సర్వీసింగ్‌కు వచ్చే మెకానిక్ గ్యాస్ తగ్గిందని చెప్పి నింపుతున్నాడు, అందుకు విడిగా డబ్బు తీసుకుంటున్నాడు. వాడుతున్నకొద్దీ ఏసీలో గ్యాస్ ఖర్చవుతుందా? ఏటా నింపించడం తప్పనిసరా?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: ఖర్చు కాదు, ఏటా నింపించవలసిన అవసరమూ లేదు. ఏసీలో ఉండేది మండి అయిపోయే ఇంధనం కాదు. అన్ని వైపులా మూసి ఉన్న రాగి గొట్టాలలో అదే గ్యాస్ మళ్ళీ మళ్ళీ తిరుగుతూ ఉంటుంది. గదిలోని యూనిట్‌లో అది తక్కువ పీడనం వద్ద ఆవిరి అవుతూ గాలిలోని వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ దానిని అదిమి బయటి యూనిట్ కాయిల్‌లోకి తోస్తుంది. అక్కడ ఆ వేడిని బయటి గాలికి వదిలి, ద్రవంగా మారి, తిరిగి లోపలికి వస్తుంది. ఈ గొట్టాలకు ఎక్కడా చిల్లు పడనంతవరకు మొదట నింపిన గ్యాసే యంత్రం పనిచేసినన్నాళ్ళూ సరిపోవాలి. కాబట్టి మీ ఇంట్లో జరుగుతున్నది రెండింటిలో ఒకటి: గ్యాస్ అసలు తగ్గనే లేదు, లేదా అది ఎక్కడో కారుతోంది. మొదటిదే నిజమైతే మీరు అక్కరలేని పనికి డబ్బు ఇస్తున్నారు. రెండోది నిజమైతే ప్రతి సంవత్సరం చిల్లుకుండను నింపిస్తున్నారు.

ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చుకోవడానికి ఒక వరుస ఉంది. గ్యాస్ తగ్గినప్పుడు చల్లదనం తగ్గుతుంది, లోపలి కాయిల్ మీదగానీ బయటి యూనిట్ దగ్గర సన్నటి రాగి గొట్టం మీదగానీ మంచు పేరుకుంటుంది. అయితే దుమ్ముతో మూసుకుపోయిన ఫిల్టరు కూడా దాదాపు ఇదే పని చేస్తుంది, ఎందుకంటే కాయిల్ మీదుగా చాలినంత గాలి వెళ్ళకపోతే దాని ఉష్ణోగ్రత సున్నాకు దిగి, దానిపై చేరిన తేమ గడ్డకడుతుంది. అందువల్ల ఫిల్టర్లు, రెండు కాయిల్స్, లోపలి బ్లోయర్ శుభ్రం చేసి, యంత్రాన్ని ఓ పావుగంట నడిపిన తరువాతే గ్యాస్ సంగతి చూడమని మెకానిక్‌ను గట్టిగా అడగండి. మీరు స్వయంగా కూడా ఒక పరీక్ష చేయవచ్చు. ఏసీలోకి వెళ్ళే గాలికి, అందులోంచి వచ్చే గాలికి మధ్య సాధారణంగా 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటుంది. బాగా ఉక్కపోసే రోజుల్లో ఇది కొంత తగ్గవచ్చు. చవకైన థర్మామీటరుతో చూసినప్పుడు ఆ తేడా కనిపిస్తూ ఉంటే గ్యాస్ గురించి బెంగ పెట్టుకోనక్కరలేదు.

నిజంగానే కారుతున్నట్లయితే మొదట కారే చోటును కనిపెట్టాలి. కంప్రెసర్‌లోని నూనె కొంత గ్యాస్‌తో పాటు తిరుగుతుంది కాబట్టి కారే చోట నూనె మరక కనిపిస్తుంది. బయటి యూనిట్ దగ్గర నట్లు బిగించిన అతుకుల వద్ద సబ్బు నురగ పూస్తే బుడగలు వస్తాయి. అప్పటికీ దొరకకపోతే గొట్టాలలోకి నైట్రోజన్‌ను పీడనంతో ఎక్కించి చూస్తారు. చిల్లు పూడ్చాక వ్యాక్యూమ్ పంపుతో లోపలి గాలిని, తేమను పూర్తిగా లాగివేయాలి. ఆ తరువాత గ్యాస్‌ను తూకం వేసి నింపాలి. ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అన్నది బయటి యూనిట్‌కు అంటించిన పట్టీ మీద ముద్రించి ఉంటుంది. గేజీ ముల్లు చూసి అందాజుగా నింపే అలవాటు మన దగ్గర పాతుకుపోయింది గానీ, గ్యాస్ తక్కువైనా ఎక్కువైనా కంప్రెసర్‌కు హానికరమే. ఒక యంత్రానికి ఉద్దేశించిన గ్యాస్‌ను మరొకదానిలో నింపకూడదు. పాత ఏసీలలోని ఆర్-22 ఓజోన్ పొరను దెబ్బతీసేది కావడంతో 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద దాని వాడకం తగ్గుతూ వస్తోంది. ఇప్పటి యంత్రాలలో ఎక్కువగా కనిపించే ఆర్-32 కొద్దిపాటి మండే గుణం కలది. కొన్ని నమూనాలలో వాడే ఆర్-290 అంటే ప్రొపేన్, అది తేలికగా అంటుకుంటుంది. కనుక గొట్టాలలో గ్యాస్ ఉండగా వెల్డింగ్ దీపం వెలిగించనివ్వకండి.

ఇకమీదట బిల్లు మీద "గ్యాస్ నింపడమైనది" అని మాత్రమే కాక, ఎక్కడ కారింది, ఎలా పూడ్చారు, ఎన్ని గ్రాములు నింపారు అని రాయించుకోండి. ఈ మూడూ రాయవలసి వచ్చినప్పుడు గ్యాస్ తగ్గిందన్న మాట అంత తేలికగా రాదు. మీ ఇల్లు మురుగుకాలువ పక్కన ఉన్నట్లయితే ఒక సంగతి గుర్తుంచుకోండి: మురుగు నుంచి వెలువడే హైడ్రోజన్ సల్ఫైడ్ రాగిని తినేస్తుంది, అలాంటి చోట్ల మంచి ఏసీల కాయిల్స్‌కు కూడా కొద్ది ఏళ్ళలోనే సన్నటి చిల్లులు పడతాయి.

ప్రశ్న: మాది సముద్రానికి దగ్గరలోని అపార్ట్‌మెంట్. రెండేళ్ళకే బయటి యూనిట్ తుప్పు పట్టింది. పైగా వర్షాకాలంలో లోపలి యూనిట్ నుంచి గోడ మీదుగా నీళ్ళు కారుతున్నాయి. ఏం చేయాలి?
– విశ్రాంత ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: ఉప్పుగాలి వల్ల రేకు డబ్బాయే కాదు, రాగి గొట్టాలకు తొడిగిన పలుచని అల్యూమినియం రేకులు కూడా పొడిపొడి అవుతాయి. నెలకొకసారి స్విచ్ కట్టివేసి, బయటి కాయిల్‌ను మంచినీటితో మెల్లగా కడిగితే పేరుకున్న ఉప్పు చాలావరకు పోతుంది. పంపు వేగం ఎక్కువైతే రేకులు వంగిపోతాయి. యూనిట్‌ను ఎత్తున గోడకు బిగించి ఉంటే మాత్రం కిటికీలోంచి వంగి కడిగే సాహసం చేయకండి, ఆ పని మెకానిక్‌కు వదిలేయండి. తుప్పు పట్టిన డబ్బాకు, స్టాండుకు రంగు వేయించవచ్చు. కాయిల్ రేకులకు వేయిస్తే వేడి బయటకు పోవడం తగ్గుతుంది. స్టాండు బోల్టులను ఏటా పరీక్షింపజేయడం అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే దాని కింద మనుషులు తిరుగుతూ ఉంటారు.

ఇక నీళ్ళ సంగతి. మీ ఊరి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కాయిల్ మీద నీరు ఎక్కువగానే చేరుతుంది. దానిని బయటకు పంపే డ్రెయిన్ పైపులో నాచు, జిగురు పేరుకుంటే ఆ నీరు తొట్టె నిండి గోడ మీదికి వస్తుంది. పైపును ఊది శుభ్రం చేయించి, దారి పొడవునా వాలు ఉందో లేదో, చివర నీళ్ళ బకెట్‌లో మునిగి ఉందేమో చూడండి.

ప్రశ్న: మా కూలర్ మొదటి సంవత్సరం బాగా చల్లబరిచేది. ఇప్పుడు గాలి చల్లగా రావడం లేదు, చేపల వాసన వస్తోంది. బోరు నీళ్ళే పోస్తాము.
– డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: కూలర్‌లో నీరు ఆవిరైపోతుంది గానీ అందులోని లవణాలు పోవు. మళ్ళీ మళ్ళీ నీళ్ళు పోస్తూ ఉంటే తొట్టెలోని నీరు రోజురోజుకూ ఉప్పగా మారి, ప్యాడ్ల మీద తెల్లటి సున్నపు పొర కడుతుంది. గడ్డి ప్యాడ్లయితే ఏటా మార్చండి. తేనెపట్టు ఆకారంలో ఉండే ప్యాడ్లయితే వెనిగర్ కలిపిన నీటిలో నానబెట్టి కడగవచ్చు, కానీ పెళుసుబారి రాలుతూ ఉంటే మార్చక తప్పదు. వాసన పోవాలంటే వారానికొకసారి తొట్టె పూర్తిగా ఖాళీ చేసి, గోడలను బ్రష్‌తో రుద్ది, ఆరబెట్టండి. రుద్దమనడానికి ఒక కారణం ఉంది: డెంగీని వ్యాపింపజేసే దోమ తన గుడ్లను నీటి అంచున గోడకు అంటించి పెడుతుంది, అవి నీళ్ళు లేకుండా నెలల తరబడి బతికి ఉండి మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. కూలర్ వేసినప్పుడు ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉంచాలి, లేకపోతే గదిలో తేమ నిండిపోయి ఉక్క తప్ప చల్లదనం ఉండదు.

ఇనుప డబ్బా కూలర్ అయితే ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించేదాకా వాడవద్దు. తడి నేల మీద నిలబడి, పంపు వైరు తొడుగు ఊడిన కూలర్‌ను తాకి ప్రాణాలు కోల్పోయినవారి వార్తలు ప్రతి వేసవిలోనూ వస్తూనే ఉన్నాయి. నీళ్ళు పోసేటప్పుడు స్విచ్ కట్టడంతో సరిపెట్టకుండా ప్లగ్ కూడా తీసివేయండి.

ప్రశ్న: మా గీజర్ నీళ్ళు కాగడానికి మునుపటికన్నా చాలా సమయం తీసుకుంటోంది, లోపల గుడగుడమని శబ్దం వస్తోంది. ఇది ప్రమాదమా?
– ఉపాధ్యాయురాలు, హైదరాబాద్

జవాబు: మీ అపార్ట్‌మెంట్‌కు మంజీరా, కృష్ణా నీళ్ళకన్నా బోరు నీళ్ళే ఎక్కువ వస్తూ ఉండాలి. కఠిన జలం కాగినప్పుడు హీటర్ రాడ్ చుట్టూ సున్నం గట్టిపడుతుంది, ఆ పొర కింద చిక్కుకున్న నీరు మరుగుతూ శబ్దం చేస్తుంది. వేడి నీటిలోకి చేరకుండా రాడ్‌లోనే నిలిచిపోవడం వల్ల కరెంటు ఎక్కువ కాలుతుంది, చివరకు రాడ్ కాలిపోతుంది. ఏడాదికోసారి రాడ్ తీయించి సున్నం తొలగింపజేయండి. ట్యాంకును తుప్పు నుంచి కాపాడేందుకు లోపల ఒక మెగ్నీషియం కడ్డీ ఉంటుంది; అది తాను కరుగుతూ ట్యాంకును నిలబెడుతుంది, కరిగిపోయాక కొత్తది వేయించాలి. చాలామంది మెకానిక్‌లు దీని ఊసే ఎత్తరు, మీరే అడగండి. ప్రమాదం విషయానికి వస్తే, పీడనం పెరిగినప్పుడు నీటిని వదిలే సేఫ్టీ వాల్వ్ సున్నంతో బిగుసుకుపోవడమే భయపడవలసినది. దాని నుంచి చుక్కలు పడుతున్నాయని మూతి బిగించే పని ఎవరినీ చేయనివ్వకండి.

ఇరుగుపొరుగున గ్యాస్ గీజర్ వాడేవారికి కూడా ఈ మాట చెప్పండి: దానిని స్నానాలగదిలో బిగించకూడదు. గాలి ఆడని గదిలో అది మండితే రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ చేరి, స్నానం చేస్తున్నవారు స్పృహ తప్పేదాకా తెలియదు.

ప్రశ్న: ఇక్కడ ఇంటి మొత్తానికి ఒకే వ్యవస్థ చలికాలంలో వేడిని, వేసవిలో చల్లదనాన్ని ఇస్తుంది. ఫిల్టరు మూడు నెలలు వస్తుందని డబ్బా మీద రాసి ఉన్నా మా ఇంట్లో నెలకే నల్లబడుతోంది.
– ఒక ఐటీ ఉద్యోగి, డాలస్

జవాబు: డబ్బా మీది గడువు మన వంటిళ్ళను దృష్టిలో పెట్టుకొని రాసింది కాదు. తాలింపుల పొగ, వేపుళ్ళ నూనె ఆవిరి, దేవుడి దగ్గర అగరవత్తులు అన్నీ చివరకు ఆ ఫిల్టరునే చేరతాయి. పొయ్యి మీది ఫ్యాన్ గాలిని ఇంటి బయటకు పంపే రకమైతే వంట చేసినంతసేపూ వేయండి. తిరిగి వంటింట్లోకే వదిలే రకమైతే దాని జాలీని తరచు కడగండి. ఫిల్టరును నెలనెలా చూసి, నల్లబడితే మార్చడమే మార్గం. ఇంకా మెత్తగా వడపోస్తుందని మరీ దట్టమైన ఫిల్టరు పెడితే పాత బ్లోయర్ గాలిని లాగలేకపోవచ్చు, మీ యంత్రానికి ఎంతవరకు తగునో దాని పుస్తకంలో చూసుకోండి. మీది గ్యాస్ ఫర్నేస్ అయితే చలి మొదలయ్యేలోగా మంట వేడిని ఇంటి గాలికి అందించే దాని హీట్ ఎక్స్‌ఛేంజర్‌కు పగుళ్ళు లేవని టెక్నీషియన్‌తో పరీక్ష చేయించి, పడకగదుల దగ్గరి కార్బన్ మోనాక్సైడ్ అలారం బటన్ నొక్కి అది మోగుతోందో లేదో చూడండి.