దెయ్యం ఉందంటున్న ఇంటిని బాధ్యతగా పరిశీలించడం ఎలా?

దెయ్యాలు తిరుగుతున్నాయని చెప్పుకొనే ఇళ్లనూ పాత కట్టడాలనూ స్నేహితులతో కలిసి రాత్రిపూట పరిశీలించాలని ఉందని, అందుకు ఏ పరికరాలు కొనాలో, ఏ పద్ధతి పాటించాలో, తీసిన దృశ్యాలను యూట్యూబ్‌లో పెట్టవచ్చో లేదో చెప్పమని అడిగారు. నేను జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. మా జిల్లాలో ఇలాంటి సంగతి ఏదైనా వినబడి, ఆ ఇంటివారే రమ్మని కబురు చేస్తే, ఎలక్ట్రీషియన్ అయిన ఒక మిత్రుడితోనూ నర్సుగా పనిచేసే ఒక సోదరితోనూ కలిసి వెళ్లి చూసి వస్తుంటాను. ఆ అనుభవం కొద్దీ చెబుతున్నాను: పరికరాల సంగతి చివరన చూసుకోవచ్చు. మీరు ఆ ఇంట్లో అన్న మాట, మీరు తిరిగి వచ్చేశాక ఎవరి మెడకు చుట్టుకుంటుందన్నదే ముందుగా ఆలోచించవలసిన విషయం.

ఇంగ్లండులోనో అమెరికాలోనో పాడుబడ్డ బంగళాలో దెయ్యం ఉందని ఎవరైనా ప్రకటిస్తే, మహా అయితే ఆ ఇల్లు అమ్ముడుపోదు. మన పల్లెల్లో అలా కాదు. "ఇంట్లో ఏదో ఉంది" అన్న మాట నాలుగు రోజులు తిరగకుండానే "ఎవరో చేయించారు" అన్న మాటగా మారుతుంది, ఆ తర్వాత ఆ "ఎవరో"కి ఒక పేరు దొరుకుతుంది. ఆ పేరు చాలాసార్లు ఒంటరి ముసలిదానిదో, పొలం గట్టు తగాదా ఉన్న పాలివాడిదో అవుతుంది. మెదక్ వైపు బాణామతి అనుమానంతో మనుషులను కట్టేసి కొట్టిన సంఘటనలు, మంత్రం పలకకుండా చేయాలని పళ్లు ఊడగొట్టిన సంఘటనలు, ప్రాణాలే తీసిన సంఘటనలు అందరికీ తెలిసినవే. అందుకే మేము పెట్టుకున్న మొదటి కట్టుబాటు ఇది: "ఇక్కడ ఏదో శక్తి ఉన్నట్టుంది" అన్న మాట సగం కూడా నోట రానివ్వకూడదు, "మీకు ఎవరిమీదైనా అనుమానమా?" అన్న ప్రశ్న అసలు అడగకూడదు. ఆ ప్రశ్న వేసినంత మాత్రానే, అనుమానించడం సబబే అని చదువుకున్నవాళ్లు ఒప్పుకున్నట్టు ఇంటివారికి తోస్తుంది.

ఒక ఇంటి సంగతి చెబితే ఇది తేటగా అర్థమవుతుంది. వ్యవసాయానికి కరెంటు విడతలవారీగా ఇస్తున్న రోజులవి. ఒక పెంకుటింట్లో రాత్రిళ్లు వెనక గది గోడలో "ధబ్" మని చప్పుడు వచ్చేది, గూట్లో బోర్లించిన గిన్నెలు కదిలేవి, ఒక్కోసారి చెంబు కింద పడేది. ఆ గదిలో పడుకోవడం మానేశారు, గుమ్మానికి వేపమండలు కట్టారు, భూతవైద్యుడిని పిలిపించి పిల్లలకు తాయెత్తులు కట్టించారు. చప్పుడు ఒక వారం అర్ధరాత్రి, మరో వారం తెల్లవారుజామున వస్తుంటే, అది తమను కనిపెట్టి వేళ మార్చుకుంటోందని ఆ ఇంటి పెద్దావిడ గట్టిగా నమ్మింది. మేము మొదటి రోజు ఏమీ తేల్చలేదు. చప్పుడు వచ్చిన ప్రతిసారీ గడియారం చూసి వేళ రాయమని మాత్రమే అడిగాము. బడికి వెళ్లే మనవడు లెక్కల నోటు పుస్తకం చివరి పేజీల్లో తేదీ, వేళ, ఎన్ని చప్పుళ్లు వచ్చాయన్నది ఎంతో శ్రద్ధగా రాసి పెట్టాడు. ఆ పట్టికను లైన్‌మన్ ఇచ్చిన కరెంటు వేళల పక్కన పెట్టి చూస్తే రెండూ సరిపోయాయి. త్రీ ఫేజ్ కరెంటు వచ్చినప్పుడు ఒక చప్పుడు, పోయినప్పుడు అంతకంటే పెద్ద చప్పుడు.

పక్క ఇంటివారి బోరు మోటారుకు ఆటో స్టార్టర్ ఉంది. కరెంటు రాగానే మనిషితో పని లేకుండా మోటారు దానంతటదే నడుస్తుంది. కరెంటు పోగానే పైపులో పైకి వెళుతున్న నీరంతా ఒక్కసారిగా వెనక్కి పడబోయి వాల్వు బలంగా మూసుకుంటుంది. ఆ అదురు మొత్తం, రెండిళ్ల మధ్య ఉమ్మడి గోడకు క్లాంపులతో బిగించిన ఇనుప పైపు గుండా గూట్లోకి చేరుతోంది. కారణం తెలిసింది గానీ చిక్కు అక్కడే మొదలైంది. ఆ రెండిళ్ల మధ్య అంతకుముందే హద్దు తగాదా ఉంది, పక్కింటాయనే ఏదో చేయించాడని లోలోపల అనుకుంటున్నారు కూడా. అటువంటి చోట "ఇది పక్కింటివాళ్ల వల్లే" అని మేము అంటే, మా మాట నిజమే అయినా, విన్నవాళ్లకు ఇంకో అర్థంలో వినబడుతుంది. అందువల్ల ముందు పక్కింటాయనతో విడిగా మాట్లాడి ఒప్పించాము. పట్టపగలు, ఇంటిల్లిపాదీ వెనక గదిలో నిలబడి చూస్తుండగా, ఆయన చేతనే స్టార్టరు వేయించి ఆపించాము. గిన్నెలు అందరి కళ్ల ముందే కదిలాయి. ఆ తర్వాత క్లాంపులు ఊడదీసి, కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు వేసి మళ్లీ బిగించింది కూడా ఆయనే. కారణం కనిపెట్టడం కంటే, దాన్ని ఎవరి చేత, ఏ మాటలతో చెప్పించాలన్న దాని మీదే మేము ఎక్కువ సేపు ఆలోచించాము. మీ బృందానికి నేను నేర్పగలిగింది ఒక్కటే ఉందంటే అది ఇదే.

ఇంటివారి మాటలు వినేటప్పుడు ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి వినాలి. అందరినీ ఒకచోట కూర్చోబెడితే ధైర్యంగా మాట్లాడేవారి కథే అందరి కథ అవుతుంది. "ఆడమనిషి ఆకారం కనబడిందా?" అని అడగకుండా "ఏం కనబడింది?" అని అడిగి, వారి మాట వారి యాసలోనే రాసుకోవాలి. నిద్ర ఎలా పడుతోంది, కొత్తగా మందులేమైనా వాడుతున్నారా, ఇంట్లో ఈమధ్య ఎవరైనా చనిపోయారా, ఇంటికి కొత్తగా ఏ యంత్రమైనా వచ్చిందా అన్నవి తప్పక తెలుసుకోవాలి. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు, కళ్లు తెరిచి ఉన్నా కాళ్లూ చేతులూ కదలనట్టు అనిపించిందని చెప్పేవారు చాలామంది ఉంటారు. కలలు వచ్చే నిద్రలో శరీర కండరాలు సహజంగానే పట్టు వదిలేసి ఉంటాయి. ఆ స్థితి పూర్తిగా పోకముందే మెలకువ వస్తే సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఈ సంగతి నెమ్మదిగా వివరించి చెబితే చాలు, కొందరికి సగం భయం పోతుంది.

భర్త పోయిన మనిషి "ఆయన చుట్ట వాసన వస్తోంది, పిలిచినట్టు అవుతోంది" అని చెప్పినప్పుడు మాత్రం నేను పరికరమేదీ సంచిలోంచి తీయను. వేల్స్‌లో డెవీ రీస్ అనే వైద్యుడు జీవిత భాగస్వామిని పోగొట్టుకున్న 293 మందితో మాట్లాడి 1971లో ప్రకటించిన అధ్యయనంలో, దాదాపు సగం మందికి పోయినవారు దగ్గరే ఉన్నట్టో, కనబడినట్టో, వినబడినట్టో అనిపించిందని తేలింది. వారిలో చాలామంది దాన్ని ఓదార్పుగానే భావించారు. "చాలామందికి ఇలా అవుతుంది అవ్వా, ఇది పిచ్చి కాదు, దెయ్యమూ కాదు" అని చెప్పి, ఆమె తన పెనిమిటి గురించి మాట్లాడినంత సేపు కూర్చుని వినడమే అక్కడ పని. చూపు బాగా మందగించిన పెద్దవాళ్లకు లేని మనుషులు కనబడటం వేరే సంగతి, వారిని కంటి వైద్యుడి దగ్గరకు పంపాలి. తనకు ఎవరో చెడు చేస్తున్నారని రోజుల తరబడి భయపడుతున్నా, తనకు మాత్రమే గొంతులు వినబడుతున్నా, మీ పరిశీలన అంతటితో ఆపి మానసిక వైద్య సహాయం వైపు దారి చూపాలి. టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. దెయ్యం వదులుతుందని తీసుకువెళ్లి గొలుసులతో కట్టేసి ఉంచిన రోగులు 28 మంది, 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మంటలు అంటుకున్నప్పుడు పారిపోయే వీలు లేక చనిపోయారు. ఆ సంగతి తెలిసినవారు ఎవరూ జబ్బు మనిషి ముందు దెయ్యం మాట ఎత్తరు.

ఇంటి మీద రాళ్లు పడుతున్నాయని, దండెం మీద బట్టలు వాటంతటవే అంటుకుంటున్నాయని పిలిచినప్పుడు మరింత జాగ్రత్త కావాలి. అలాంటి చోట్ల ఇంట్లోనే ఎవరో ఒకరు, సాధారణంగా చిన్న వయసువారు, చెప్పుకోలేని బాధలో ఉండే అవకాశం గట్టిగా ఉంటుంది. వారిని కెమెరాతో కాపు కాసి పట్టుకుని పదిమందిలో నిలబెట్టడం క్రూరత్వం అవుతుంది. మా బృందంలో నర్సు ఉండటానికి ముఖ్య కారణం ఇదే. ఆమె వారితో ఒంటరిగా మాట్లాడుతుంది, విన్నది తన దగ్గరే ఉంచుకుంటుంది, ప్రమాదం ఉందనిపిస్తే బాలల హెల్ప్‌లైన్ 1098కి చెబుతుంది. మీ బృందంలో కనీసం ఒక మహిళ లేకపోతే ఇళ్లలోకి వెళ్లకండి.

ఇక పరికరాలు. విద్యుదయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మీటరు గోడలోని వైరింగుకూ, ఫ్రిజ్‌కూ, మీ జేబులోని ఫోనుకూ స్పందిస్తుంది. దాని దీపాలు వెలిగితే ఎర్తింగు చూడండి. స్పిరిట్ బాక్స్ అని అమ్మేది రేడియో స్టేషన్లను ఆగకుండా తిప్పే పెట్టె మాత్రమే. అందులోంచి వచ్చే ముక్కల్లో మాటలు వెతుక్కునేది మన మెదడే. తుపాకీలా గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు గోడ ఉపరితలం వేడిని కొలుస్తుంది, గదిలోని గాలిని కొలవదు, కనుక "ఇక్కడ గాలి చల్లబడింది" అని దానితో చెప్పడానికి వీల్లేదు. ఫొటోల్లో గుండ్రని వెలుగు బిళ్లలు ఫ్లాష్ ముందు ఎగిరిన ధూళి. మా సంచిలో నోటు పుస్తకం, టార్చి, కొలత టేపు, టెస్టరు, మల్టీమీటరు, ఒక కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉంటాయి. ఈ చివరిది నేను పట్టుబట్టి కొన్నది. 1921లో అమెరికాలో విల్మర్ అనే నేత్ర వైద్యుడు ప్రచురించిన వృత్తాంతంలో, ఒక ఇంట్లో అడుగుల చప్పుళ్లు, ఆకారాలు, తలనొప్పులు అన్నిటికీ మూలం ఇల్లు వెచ్చబరిచే కొలిమి చెడిపోయి దాని నుంచి వచ్చిన ఈ విషవాయువే. మన ఇళ్లలో గాలి ఆడని స్నానాలగదిలోని గ్యాస్ గీజరు, మూసిన గదిలో పెట్టుకున్న బొగ్గుల కుంపటి అదే పని చేయగలవు, ప్రాణాలు కూడా తీయగలవు.

చెవికి వినబడనంత తక్కువ స్థాయి ధ్వని, అంటే ఇన్‌ఫ్రాసౌండ్ గురించి మీరు చదివే ఉంటారు. ఇంగ్లండులో విక్ టాండీ అనే ఇంజినీరు తన ప్రయోగశాలలో బూడిదరంగు ఆకారం కనబడటానికి, కొత్తగా బిగించిన ఫ్యాను పుట్టించిన 19 హెర్ట్జ్ (సెకనుకు 19 సార్లు) కంపనాన్ని కారణంగా చూపుతూ 1998లో వ్యాసం రాశాడు. కానీ లండన్‌లో క్రిస్టొఫర్ ఫ్రెంచ్ బృందం ఒక గదిలో 79 మంది మీద చేసి 2009లో ప్రచురించిన ప్రయోగంలో, వింత అనుభవాలకు ఆ ధ్వని ఉండటంతో గానీ అయస్కాంత క్షేత్రంతో గానీ సంబంధం కనబడలేదు. కాబట్టి దెయ్యం అన్నవారి తొందరపాటుతోనే మనం "ఇన్‌ఫ్రాసౌండ్" అని ముద్ర వేయకూడదు. కారణం దొరకనప్పుడు నివేదికలో "కారణం దొరకలేదు" అని రాసి సంతకం పెట్టాలి. అలాంటి నివేదికలు నా దగ్గరా ఉన్నాయి. వాటిని దెయ్యానికి సాక్ష్యంగా ఎవరైనా వాడబోతే నేను ఒప్పుకోను.

పాత కట్టడాలకు వెళ్లాలంటే యజమాని నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి, స్థానిక పోలీసు స్టేషన్‌లో తెలియజేయండి. అనుమతి లేకుండా జొరబడటం భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షను కింద నేరం కావచ్చు. రాజస్థాన్‌లోని భాన్‌గఢ్‌లో సూర్యాస్తమయం తర్వాత ప్రవేశం లేదని పురావస్తు శాఖ పెట్టిన బోర్డును దెయ్యానికి రుజువుగా చూపించేవారున్నారు గానీ, రక్షిత కట్టడాలను సాయంత్రం మూసివేయడం ఆ శాఖకు మామూలే. ఎక్కడికైనా ముందు పగలు వెళ్లి చూసి రావాలి. పాముల పుట్టలు, చూరు కింద గబ్బిలాలు, అటకల మీద తిరిగే మానుపిల్లి, వరగట్టు లేని బావి, కూలబోయే మిద్దె ఇవన్నీ పగలే కనబడతాయి. రాత్రి చప్పుళ్లలో చాలావాటికి జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది.

డబ్బు తీసుకోకండి, దారి ఖర్చులు కూడా మీవే పెట్టుకోండి. రుసుము ముట్టిన రోజు నుంచి, ఏదో ఒకటి కనిపెట్టి చెప్పాలన్న ఒత్తిడి మీ మీద పడుతుంది. యూట్యూబ్ విషయంలో మా పద్ధతి ఇది: పరిశీలన జరుగుతున్నప్పుడు ఏదీ ప్రసారం చేయము. నివేదిక ఇంటివారికి చదివి వినిపించి, ఒక ప్రతి వారికే ఇస్తాము. కొన్ని నెలలు గడిచి, ఇంట్లో భయం తగ్గాక, పెద్దవారందరూ రాసి ఇస్తేనే ఊరి పేరు, ముఖాలు, ఇంటి ముందు భాగం తెలియకుండా ఆ సంగతి బయట చెబుతాము. పిల్లలు ఉన్న దృశ్యం ఏదైనా సరే, వారి తల్లిదండ్రులు ఒప్పుకున్నా పెట్టము.