అక్షరాలు కదులుతున్నాయని పిల్లలు చెబితే టీచర్ ఏం చేయాలి? రంగు షీట్ల ట్రైనింగ్‌లో చేరమంటారా?

మీ స్కూల్లో రంగు షీట్లతో (పుస్తకం పేజీ మీద పరిచి చదివించే పారదర్శక రంగు షీట్లు) చదువు ఇబ్బందులు గుర్తించే ట్రైనింగ్ పెడుతున్నారని, చేరాలా వద్దా అని అడిగారు. నేను గాజువాక వైపు ఒక ప్రైవేట్ స్కూల్లో మూడో తరగతి టీచర్ని. ఐదేళ్ల క్రితం ఇలాంటి దానికే రెండు రోజులు వెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. చేరండి, కానీ నాలా మాత్రం చేయకండి.

ట్రైనింగ్ అయిన వారానికే మా క్లాసులో ఒక బాబు "అక్షరాలు ఆడతన్నాయి టీచర్" అన్నాడు. లైను తప్పిపోతాడు, కళ్లు నులుముకుంటాడు, పది నిమిషాలు చదివితే తలనొప్పి అంటాడు. ట్రైనింగ్‌లో చెప్పినవన్నీ వాడిలోనే కనిపించేసరికి నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. పసుపు షీటు పెట్టి చదివిస్తే కాస్త నయమనిపించింది. వాళ్లమ్మని పిలిచి, పెద్ద డాక్టర్‌లా జబ్బు పేరు కూడా చెప్పేశాను. పాపం ఆవిడ నాలుగు నెలలు ఆ షీటునే నమ్ముకుంది. తలనొప్పి తగ్గలేదు. చివరికి హనుమంతవాక దగ్గర కంటి ఆసుపత్రిలో చుక్కల మందు వేసి చూస్తే ప్లస్ పవర్ అని, అంటే దగ్గరివి చూడటానికి కళ్లు కష్టపడుతున్నాయని తేలింది. బోర్డు మీదవి బాగానే చదివేవాడు కాబట్టి స్కూల్ క్యాంపులో ఎవరికీ అనుమానం రాలేదు. క్యాంపులో చార్టు పెట్టేది 6 మీటర్ల దూరంలో, పిల్లాడు పుస్తకం పెట్టుకునేది ఒళ్లో.

ఈ రంగుల పద్ధతిని 1980లలో అమెరికాలో హెలెన్ ఇర్లెన్ అనే ఆవిడ ప్రచారంలోకి తెచ్చారు. 2009లో అక్కడి పిల్లల డాక్టర్ల, కంటి డాక్టర్ల సంఘాలు కలిసి ఒక ప్రకటన ఇచ్చాయి. డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) కంటి లోపం కాదని, రంగు అద్దాలు, రంగు ఫిల్టర్లు దానికి పనిచేస్తాయనడానికి సరైన ఆధారాలు లేవని అందులో ఉంది. మా ట్రైనింగ్‌లో ఈ ముక్క ఎవరూ ఎత్తలేదు. కిట్లు మాత్రం అక్కడే అమ్మారు.

అయితే ఆ రెండు రోజులూ వృథా అనను. పిల్లల్ని "ఏం కనిపిస్తోంది?" అని అడగడం అక్కడే నేర్చుకున్నాను. అంతకుముందు "సరిగ్గా చూసి చదువు" అనడమే తెలుసు. ఇప్పుడు ఇంకొంచెం చూస్తాను. అవే మాటలు బోర్డు మీద పెద్దగా రాసి చదివిస్తాను. అక్కడ గడగడా చదివి పుస్తకంలో తడబడితే ముందు కంటి డాక్టర్ దగ్గరికే. రెండు చోట్లా ఒకేలా తడబడితే పుస్తకం మూసేసి నోటితోనే అడుగుతాను: "పలకలో ప తీసేస్తే ఏం మిగిలింది?" (కమలంలో క తీయమని మాత్రం అడగకండి, ఆ పూట క్లాసు జరగదు.) ఇది కూడా రాకపోతే ఇబ్బంది చూపులో కాక, మాటలోని శబ్దాలను విడదీయడంలో ఉండొచ్చు. డిస్లెక్సియాలో ఎక్కువగా కనిపించేది అదే.

మన లిపితో ఇంకో చిక్కుంది. పై లైను ఒత్తులు, కింది లైను గుడులు దాదాపు తగులుకుంటాయి. ఇరుకు అచ్చులో "పుస్తకం" కాస్తా "పుసకం" అవుతుంది. అదే పాఠాన్ని లైన్ల మధ్య ఖాళీ పెంచి ప్రింట్ తీసి ఇచ్చి చూడండి. అట్టముక్కలో ఒక్క లైను కనిపించేంత కిటికీ కోసినా చాలు. పైసా ఖర్చు లేదు.

పిల్లల్లో గమనించిన ఇబ్బందులు రాసిపెట్టుకోవడానికి ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల ప్రశస్త్ యాప్ ఉంది. మొదటి భాగం మనలాంటి టీచర్లే నింపొచ్చు, రెండోది స్పెషల్ ఎడ్యుకేటర్ల కోసం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో చదువు వైకల్యం కూడా ఉంది, కానీ దానికి సర్టిఫికెట్ ఇచ్చేది మనం కాదు. తల్లిదండ్రులతో జబ్బు పేరెత్తకండి. "దగ్గరగా పెట్టి చదువుతున్నాడు, లైను తప్పుతున్నాడు, ఒకసారి కళ్లు చూపించండి" అంటే చాలు. చీటీ మీద ఆ రెండు ముక్కలే రాసిస్తే డాక్టర్‌కీ పనికొస్తాయి.

ఆ పసుపు షీటు ఇంకా నా బీరువాలోనే ఉంది. తెల్లకాగితం మెరుస్తోందని ఎవరైనా అంటే ఇస్తాను, ముందు వాళ్లని కిటికీ పక్క బెంచీ నుంచి మార్చి చూశాకే. సగం మంది మళ్లీ షీటు అడగరు.