కూకట్‌పల్లిలో కురిసిన వాన మూసీకి చేరే దారి

కూకట్‌పల్లిలో ఉండే మీకు మూసీ ఎక్కడో దూరాన ఉన్నట్టు అనిపిస్తుందనీ, మీ వీధిలో కురిసిన వాన నిజంగా ఆ నదికే వెళ్తుందా, వెళ్తే ఏ దారిన వెళ్తుందనీ అడిగారు. వెళ్తుంది, కానీ నేరుగా కాదు. మధ్యలో హుస్సేన్‌సాగర్ ఉంది. సాగర్‌కు దిగువన, నల్లకుంట ప్రాంతంలో చాలాకాలం నివసించినవాడిని కాబట్టి మీ వాన చివరి అంచె ఎలా సాగుతుందో నేను దగ్గర నుంచి చూశాను.

మూసాపేట, ఫతేనగర్, బేగంపేటల మీదుగా వచ్చే కూకట్‌పల్లి నాలా సాగర్‌లోకి నీరు తెచ్చే నాలాలన్నిటిలోకీ పెద్దది. పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు మిగిలినవి. జీడిమెట్ల దగ్గరి ఫాక్స్‌సాగర్ అలుగు పారినా ఆ నీరు కూడా ఈ దారికే వస్తుంది. 2020 అక్టోబరులో ఆ చెరువు నిండిపోయి, పక్కనున్న ఉమామహేశ్వర కాలనీ చాలా రోజులు నీటిలోనే ఉండిపోయింది. గొలుసుకట్టుగా ఉన్న చెరువులు వానను ఆపి, నెమ్మదిగా కిందికి వదిలేవి. వాటి శిఖం భూములు, అంటే చెరువు నీరు నిలిచే నేలలు, కాలనీలుగా మారినచోట అదే నీరు సిమెంటు రోడ్ల మీదుగా ఒక్కసారిగా నాలాలో పడుతోంది.

ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో హుస్సేన్‌సాగర్‌ను కట్టినప్పుడు మూసీ నీటినే కాలువ ద్వారా తెచ్చి నింపేవారు. ఇప్పుడు అందులోకి వచ్చేది వాన నీరు, దానితోపాటు మురుగు. వాన లేని రోజుల్లో నాలాలోని మురుగును సాగర్‌లో కలవనీయకుండా మళ్లించి, పైపుల ద్వారా అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటు ఉంది. పెద్ద వాన పడితే ఆ పైపులు చాలవు. రెండూ కలిసే సాగర్‌లోకి వస్తాయి. వర్షపు నీటికీ మురుగుకూ వేరువేరు దారులు లేకపోవడమే ఈ నగరపు అసలు వ్యాధి అని నా దృఢమైన అభిప్రాయం.

సాగర్ పూర్తిస్థాయి నీటిమట్టం 513.41 మీటర్లు. అది దాటితే తూముల గుండా, అలుగు మీదుగా మిగులు నీరు దిగువ నాలాలోకి దిగి, అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి, నల్లకుంటల మీదుగా గోల్నాక వైపు వెళ్లి మూసీలో కలుస్తుంది. ఈ భాగాన్ని ఇరుగుపొరుగువారితో కలిసి ఒడ్డు వెంబడి నడిచి చూసినప్పుడు నన్ను ఎక్కువగా కలవరపెట్టింది నాలా వెడల్పు ఒకేలా లేకపోవడం. ఒకచోట విశాలంగా ఉన్న నాలా, ఇళ్ల వెనుక గోడల మధ్యకు వచ్చేసరికి సగానికి కుంచించుకుపోతుంది. వంతెనల కింద పూడిక, ప్లాస్టిక్, పాత పరుపులు సైతం అడ్డుపడి ఉంటాయి. అలాంటి ఇరుకుల దగ్గరే నీరు వెనక్కి తన్ని బస్తీల్లోకి వస్తుంది. మా వీధిలో వరద ఎప్పుడూ నాలా గట్టు పొంగి రాకముందే మ్యాన్‌హోళ్ల నుంచి పైకి ఉబికేది, కాబట్టి సామాను మంచాల మీదికి ఎత్తడానికి వ్యవధి చాలా తక్కువగా ఉండేది.

మరొక విషయం చాలామంది గమనించరు. నగరానికి ఎగువనున్న ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మూసీ మట్టం పెరుగుతుంది. గోల్నాకకు సమీపంలోని మూసారంబాగ్ పాత వంతెన మునిగే స్థితి వచ్చేది. నదే ఎత్తుగా పారుతున్నప్పుడు నాలా నీరు అందులోకి సులభంగా దిగలేదు, కనుక నగరంలో వాన తగ్గినా దిగువ బస్తీల్లో నీరు వెంటనే తీయదు.

మీ ఇంటి నీరు ఏ వైపు పోతుందో ఖాయంగా తెలుసుకోవాలంటే, వాన కురుస్తున్నప్పుడు మీ వీధి వాలును గమనించి, అక్కడినుంచి మొదటి నాలా దాకా వెళ్లి చూడండి. తర్వాత దాని దారిని మ్యాపులో గుర్తించడం కష్టం కాదు. మీ కాలనీ సంఘం నాలా విస్తరణ కోరుతున్నట్లయితే, ఆ పనిని గోల్నాక చివర నుంచి మొదలుపెట్టి పైకి రమ్మని కూడా దయచేసి అడగండి. పైభాగాన్ని మాత్రమే వెడల్పు చేస్తే మీ వీధి త్వరగా ఆరుతుంది, ఆ నీరంతా మరింత వేగంగా వచ్చి దిగువనున్న ఇళ్లలో చేరుతుంది.