పాత సెయిల్‌బోట్ ఇంజిన్ బయటికి తీసి బాగుచేయించాలా, కొత్త డీజిల్ పెట్టించాలా?

తీసి బాగుచేయించండి. "పెట్రోల్ ఇంజిన్ కదా, డీజిల్‌కి మార్చేయ్" అని ఇప్పటికే పదిమంది చెప్పి ఉంటారు. వినకండి. పడవ కొన్న డబ్బు కంటే ఆ ఖర్చే ఎక్కువవుతుంది, పైగా పాత దిమ్మెల మీద కొత్త ఇంజిన్ కూర్చోదు, ప్రొపెల్లర్ మారాలి, ట్యాంకు మారాలి, అలా పోతూనే ఉంటుంది.

నా పడవ అమెరికాలోని మేరీల్యాండ్‌లో, చెసపీక్ బే అనే అఖాతంలో ఉంటుంది. 1970ల నాటి పియర్సన్ 30 మోడల్ సెయిల్‌బోట్, అందులో యూనివర్సల్ ఆటమిక్ 4 అనే పెట్రోల్ ఇంజిన్, నాలుగు సిలిండర్లది. ఆ కాలం అమెరికన్ సెయిల్‌బోట్లలో ఎటు చూసినా ఇదే. తయారీ 1980లలోనే ఆగిపోయింది, అయినా గ్యాస్కెట్లు, నీటి పంపు ఇంపెల్లర్లు ఇప్పటికీ దొరుకుతాయి. ఇండియాలో మా నాన్నగారి స్కూటర్‌కి ఆ భాగ్యం లేదు.

ఇంజిన్ దాదాపు 150 కిలోలు. క్రేన్‌కి యార్డు వాళ్లు చెప్పిన రేటు విని మా బావమరిదిని పిలిచాను, పొలంలో బోరు మోటార్లు ఎత్తించిన అనుభవం వాడిది. తెరచాప బూమ్‌కి, అంటే తెరచాప అడుగున అడ్డంగా ఉండే దూలానికి, చైన్ బ్లాక్ (బరువులెత్తే గొలుసు కప్పీ) కట్టాం. అయితే బరువంతా బూమ్ మీద పడితే విరుగుతుంది, అందుకే సరిగ్గా చైన్ ఉన్నచోటే తెరచాపని పైకి లాగే హేలియార్డ్ తాడు కట్టి బరువు తెరచాప స్తంభం పైకొసకి పోయేలా చేశాం. అంతకుముందే మానిఫోల్డ్, ఆల్టర్నేటర్ విప్పేశాం, లేకపోతే మెట్ల ద్వారంలో పట్టదు. ఇంజిన్‌ని ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి కలిపే కప్లింగ్ విప్పాక షాఫ్ట్ వెనక్కి జారకుండా దానికో క్లాంపు బిగించడం మరవకండి.

ఇంజిన్ సరిగ్గా ద్వారం మధ్యలో వేలాడుతుండగా ఎవడో మోటార్‌బోట్ వాడు జోరుగా పోయాడు. మెల్లగా వెళ్లమని ఇంత బోర్డు ఉంది అక్కడ! అలకి పడవ ఊగింది, ఇంజిన్ ఊగింది, "బావా, చెయ్యి తియ్, చెయ్యి తియ్!" అని మా బావమరిది అరుపు. చెక్క కాస్త చెక్కుకుపోయింది, వేళ్లు మిగిలాయి. ఈ మోటార్‌బోట్ల వాళ్లకి లైసెన్స్ ఎవరిస్తారో నాకు అర్థం కాదు.

ఇంజిన్ పని అంత కష్టం కాదు. ఉప్పునీరు నేరుగా బ్లాక్‌లో తిరుగుతుంది కాబట్టి నీటి దారుల నిండా తుప్పే, ఇంజిన్ పైమూతని బిగించే హెడ్ స్టడ్‌లు విప్పబోతే పుటుక్కున విరుగుతాయి. వేడిచేసి, నూనె పోసి, రాత్రంతా వదిలేసి మళ్లీ పట్టండి. రింగులు, వాల్వులు లేత్ షాపు వాళ్లు చూసుకుంటారు. అసలు లాభం ఇంజిన్ లేని ఖాళీలో ఉంది. స్టఫింగ్ బాక్స్ (షాఫ్ట్ బయటికెళ్లే చోట నీళ్లు లోపలికి రాకుండా ఆపేది), ఎగ్జాస్ట్ గొట్టం, కుళ్లిన వైర్లు, అన్నిటికీ చెయ్యి అందేది అప్పుడే.

తిరిగి బిగించాక అలైన్‌మెంట్ (ఇంజిన్, షాఫ్ట్ ఒకే వరసలో ఉన్నాయా అన్నది) మాత్రం పడవ నీళ్లలో ఉండగానే చూడండి, ఒడ్డున ఉంటే పడవ అడుగుభాగం ఆకారం కొద్దిగా మారుతుంది. కప్లింగ్ ముఖాల మధ్య తేడా 0.1 మిల్లీమీటరు దాటకూడదు.

ఇక పెట్రోల్ పేలుతుందని భయపెట్టేవాళ్లు, స్టార్ట్ చేసేముందు బ్లోయర్ (ఇంజిన్ గదిలోని పెట్రోల్ ఆవిరిని బయటికి తోసే ఫ్యాన్) నాలుగు నిమిషాలు వేసే ఓపిక లేనివాళ్లు.