మొక్కలు లెక్కపెట్టే పనికి మా పాపను పంపమంటారా?

ప్రశ్న: మాది చిత్తూరు. పాప తిరుపతిలో బీఎస్సీ బాటనీ రెండో సంవత్సరం చదువుతోంది. ఆదివారాలు కొండ మీద గడ్డి నేలల్లో అరుదైన మొక్కల్ని లెక్కపెట్టే వాలంటీరు పనికి వెళ్తానంటోంది. జీతం లేదు. చదువు పాడవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. - ఒక తల్లి

జవాబు: పంపండమ్మా. కాకపోతే ఎవరితో, ఎవరి అనుమతితో వెళ్తోందో ముందు కనుక్కోండి. శేషాచలం అడవిలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు. పైగా ఎర్రచందనం ఉన్న కొండలు. లెక్చరర్లో, అటవీ సిబ్బందో వెంట ఉంటేనే సరే అనండి.

ఆ కొండల గడ్డి వాలుల్లో పేరీత అనే మొక్క ఉంది. శాస్త్రనామం సైకాస్ బెడ్డోమీ. దూరం నుంచి పొట్టి ఈతచెట్టే అనుకుంటాం. దగ్గరికెళ్లి మట్ట తిప్పి చూస్తే, సన్నటి ఆకుల అంచులు కిందికి చుట్టుకుని కనిపిస్తాయి. తిరుపతి, కడప కొండల చుట్టుపక్కల తప్ప సహజంగా ఇంకెక్కడా పెరగదు. 1991లో వన్యప్రాణి చట్టంలో మొక్కల్ని చేర్చినప్పుడు ఆరు రకాలకే చోటిచ్చారు, అందులో ఇదొకటి.

ఇందులో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. మగదానికి కోన్ (పుప్పొడి ఉండే శంకువు), ఆడదానికి గింజలు పట్టే ఆకులు వచ్చేదాకా ఏది ఏదో తెలియదు. మగ కోన్లను మందుల కోసం కోసుకుపోతుంటారు. ఎండాకాలం గడ్డికి మంటలు అంటుకుంటాయి. అందుకే ‘ఇక్కడ ఉంది’ అని ఫోటో తీసి వచ్చేస్తే చాలదు. అదే చోటికి ఏటేటా వెళ్లి ఆడవెన్ని, మగవెన్ని, కింద పిల్ల మొక్కలున్నాయా, కాలిన గుర్తులున్నాయా అన్నీ రాయాలి. పిల్ల మొక్క ఒక్కటీ లేకపోతే సున్నా వేయాలి. కొత్తవాళ్లు ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన అంకె అదే.

దీనివల్ల నేరుగా ఉద్యోగం రాదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. బాటనీ డిగ్రీతో ఎలాగూ ఐఎఫ్‌ఎస్ (అటవీ అధికారుల) పరీక్ష రాయొచ్చు, ఎమ్మెస్సీ, పరిశోధన వైపు వెళ్లొచ్చు. అక్కడ ఇంటర్వ్యూలో తన చేత్తో రాసుకున్న రెండేళ్ల లెక్క గురించి మాట్లాడగలిగితే, ఆ అమ్మాయి మాటకుండే బలం వేరు. సెమిస్టర్ పరీక్షల నెల మాత్రం మానేయమనండి.

మొక్క ఉన్న చోటు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దని గట్టిగా చెప్పండి. దోచుకునేవాళ్లకు దారి చూపినట్టవుతుంది.

మొదటి ఆదివారం ఇంటికొచ్చాక నోటుబుక్కు అడిగి చూడండి. తేదీ, చోటు, లెక్క, సున్నాలతో సహా ఉంటే పై ఆదివారం మీరే క్యారేజీ కట్టి పంపుతారు.