జర్మన్‌లో 'వెర్డెన్' ('అవు' అనే క్రియ) భూతకాలం 'వుర్డె' కదా, పాత బైబిల్లో 'వార్డ్' అని ఎందుకుంది?

లూథర్ బైబిల్లో 'వెలుగు కలిగెను' అన్నచోట వచ్చే 'వార్డ్' గురించేగా మీరు అడుగుతున్నది? అదే పాత రూపం. ఏకవచనం వార్డ్, బహువచనం వుర్డెన్. తర్వాత బహువచనంలోని ఉకారం ఏకవచనానికీ పాకింది, చివర ఎకారం తగిలింది, వుర్డె అయింది.

కానీ అసలు కథ ఇంకా వెనక ఉంది. నేను క్లాసులో అడిగితే పట్టిక బట్టీ పట్టమన్నారు. ఇంటర్లో సంస్కృతమూ అంతే. మార్కుల కోసం తీసుకున్నాం, వేదస్వరం గురించి ఎవరూ నోరెత్తలేదు. ఆ స్వరమే ఇక్కడ తాళంచెవి.

జర్మన్, ఇంగ్లీషు, డచ్‌లకు మూలభాషగా పండితులు పునర్నిర్మించిన ఆదిజర్మానిక్‌లో ఈ క్రియ 'వెర్థన'. 'అయ్యాను' అంటే వర్థ్, 'అయ్యాము' అంటే వుర్దుమ్. మన 'వర్తించు'లో ఉన్న వృత్ ధాతువే ఇదీ. పక్కన వైదిక రూపాలు పెట్టండి: వవర్త, వవృతిమ. మొదటిదాంట్లో ఉదాత్తం, అంటే పదంలోని ప్రధాన స్వరం, ధాతువు మీద, రెండోదాంట్లో చివరి ప్రత్యయం మీద. ముందున్న అచ్చు మీద ఉదాత్తం ఉంటే థకారం నిలిచింది, లేకపోతే దకారమైంది. 1870ల్లో డెన్మార్క్‌కు చెందిన కార్ల్ వెర్నర్ పట్టుకున్న సూత్రం ఇదే.

నాకిది పుస్తకంలో కంటే మా పెదనాన్నగారి దగ్గరే బాగా అర్థమైంది. ఆయన వేదం చదువుకున్నారు. పితా, భ్రాతా స్వరంతో చెప్పమన్నాను. 'పి' కిందికి దించి 'తా' ఉదాత్తంగా పలికారు. రెండోదాంట్లో 'భ్రా' ఉదాత్తం, దాని తర్వాతి 'తా' స్వరితంగా పైకి లేచింది. జర్మన్‌లో ఫాటర్, బ్రూడర్ అంటారని, పాత దకారం అక్కడ టకారంగా, థకారం డకారంగా మారాయని, ఒకచోట టకారం, ఒకచోట డకారం అందుకే వచ్చాయని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "మాతాలోనూ ఉదాత్తం తా మీదే కదరా, అక్కడా ట రావాలే" అన్నారు. నిజమే, జర్మన్‌లో అమ్మ అంటే ముట్టర్! జర్మన్ ఒక్క ముక్క రాని మనిషి, స్వరం పట్టుకుని చెప్పేశారు. తెలుగువాళ్ళకు జర్మన్ నేర్పేవాళ్ళు ముందు ఒక ఘనపాఠీని పక్కన కూర్చోబెట్టుకోవాలని అప్పటినుంచీ అంటున్నాను.

మరి వార్డ్, వుర్డెన్ రెండింట్లోనూ డకారమే ఉందేమంటారా? ప్రాచీన జర్మన్‌లో 'వార్డ్', 'వుర్టున్' అని తేడా ఉండేది, తర్వాత చదును చేసేశారు. ఇంగ్లీషువాళ్ళు ఈ క్రియనే పోగొట్టుకున్నా, మరో క్రియలో అదే మార్పును దాచుకున్నారు: వాజ్ (was), వర్ (were). ఇక్కడ మారి రేఫ అయింది సకారం. జర్మన్ అక్కడా వార్, వారెన్ అని రెంటికీ రేఫే పెట్టేసింది. డచ్‌లో మాత్రం వాస్, వారెన్ ఇప్పటికీ వేరువేరుగానే ఉన్నాయి.